గైడ్‌కి చెప్పాలా, వద్దా?

ప్రశ్న: సార్, హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో క్యాన్సర్ బయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇది మూడో ఏడు. నాకు ప్రొఫెసర్ అవ్వాలని లేదు, వ్యాక్సిన్ కంపెనీలోనో డయాగ్నస్టిక్స్‌లోనో చేరాలని ఉంది. రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కి అవకాశం వచ్చింది. ఈ మాట చెప్తే మా గైడ్ నన్ను పట్టించుకోవడం మానేస్తారేమోనని టెన్షన్. చెప్పాలా, వద్దా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: చెప్పండమ్మా. దాచి ఇంటర్న్‌షిప్ చేయడం ఎలాగూ కుదరదు, ల్యాబ్‌లో ఏ మాటా దాగదు.

మీ గైడ్‌కి తెలియని లెక్కేమీ కాదు ఇది. ఆయన సర్వీసులో పది పదిహేను మందికి పీహెచ్‌డీ ఇప్పిస్తారనుకోండి, ఆయన రిటైరైతే ఖాళీ అయ్యే కుర్చీ ఒక్కటే. మిగతావాళ్లంతా ఎక్కడికో అక్కడికి వెళ్లాల్సిందే కదా. అయినా మన దగ్గర ట్రైనింగ్ మాత్రం అందరూ ఆ కుర్చీలోనే కూర్చుంటారన్నట్టు సాగుతుంది, నాకు నచ్చనిది అదే.

గైడ్‌ల అసలు భయం పని ఆగిపోతుందని. దీని మీద అమెరికాలో కొంత పని జరిగింది. వైద్య పరిశోధనకు డబ్బిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ 2013లో బెస్ట్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, బయోమెడికల్ పీహెచ్‌డీ విద్యార్థులకు చదువు మధ్యలోనే కంపెనీలు, పాలసీ, సైన్స్ రచన లాంటి దారులు చూపించమని 17 సంస్థలకు డబ్బిచ్చింది. వాటిలో 10 సంస్థల వివరాలు కలిపి చూసి 2021లో ప్లాస్ బయాలజీ అనే సైన్స్ పత్రికలో పేపర్ వేశారు. ఇలాంటి వాటిలో పాల్గొన్నవాళ్లకు పీహెచ్‌డీ ఆలస్యం కాలేదు, పేపర్లూ తగ్గలేదు. అమెరికా లెక్క మనకు అచ్చంగా సరిపోతుందని అనను, పైగా వాటిలో చేరేవాళ్లు మామూలుగానే చురుకైనవాళ్లు అయ్యుండొచ్చు, కానీ ఆ పేపర్ ప్రింట్ తీసి గైడ్ టేబుల్ మీద పెట్టడానికి ఇబ్బందేముంది?

అడిగే పద్ధతి ముఖ్యం. అడ్వైజరీ కమిటీ ముందు ప్రెజెంటేషన్ బాగా జరిగిన వారంలో అడగండి. మీరు లేని రెండు నెలలు సెల్ లైన్లు (ల్యాబ్‌లో పెంచే కణాలు) ఎవరు చూస్తారు, ఏ ప్రయోగం ముగించి వెళ్తారు, వచ్చాక మొదట ఏది పట్టుకుంటారు అన్నది ఒక పేజీ రాసుకుని వెళ్లండి. అప్పటికీ కాదంటే గొడవపడొద్దు, రెండు నెలలకు బదులు మూడు వారాలు అడిగి చూడండి.

ఇక కంపెనీ వాళ్లు మీలో ఏం చూస్తారంటే, ఎన్ని వెస్టర్న్ బ్లాట్లు (ప్రొటీన్లను గుర్తించే పరీక్షలు) చేశారన్నది పెద్దగా చూడరు. మీ పరీక్షను వేరేవాళ్లు, వేరే రోజు, వేరే బ్యాచ్ కెమికల్స్‌తో చేసినా అదే ఫలితం వస్తుందా అన్నది చూస్తారు. అందుకే ఈ రోజు నుంచే నోట్‌బుక్‌లో తేదీ, లాట్ నంబర్, చెడిపోయిన ప్రయోగంతో సహా అన్నీ రాయండి (టిష్యూ పేపర్ మీద రీడింగులు రాసుకునే అలవాటుంటే మానేయండి, ఎవరికుంటుందో నాకు తెలుసు). స్టాటిస్టిక్స్ సరిగ్గా నేర్చుకోండి.

కంపెనీకి వెళ్తే సైన్స్ వదిలేసినట్టే అనే సీనియర్లు ప్రతి ల్యాబ్‌లో ఒకరుంటారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్ వదిలి 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. బోదకాలు రాకుండా మన ఊళ్లలో ఇప్పటికీ పంచే డీఈసీ మాత్ర అక్కడ ఆయన బృందం చేసిందే. ఆ సీనియర్‌కి ఈ మాట చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయికి లైఫ్ సైన్సెస్‌లో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వచ్చింది. పెద్ద పేరున్న ల్యాబ్ ఒకటి, కొత్తగా మొదలైన ల్యాబ్ ఒకటి రమ్మంటున్నాయి. ఏది మంచిది?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ముందు అమ్మాయినే ఆ రెండు ల్యాబ్‌లకూ వెళ్లి, గైడ్ లేనప్పుడు అక్కడి విద్యార్థులతో టీ తాగి రమ్మనండి. పాతవాళ్లకు ఎన్నేళ్లు పట్టింది, మధ్యలో ఎవరైనా మానేశారా, ఇప్పుడెక్కడున్నారు అని అడగమనండి. గైడ్ ఈ వివరాలు తడుముకోకుండా చెప్పగలిగితే మంచి గుర్తు.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, దాని తర్వాతి దశ ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. జేఆర్‌ఎఫ్ రెండేళ్లు, ఎస్‌ఆర్‌ఎఫ్ మూడేళ్లు, మొత్తం ఐదు. ఎలుకలతోనో పేషెంట్ల శాంపిల్స్‌తోనో చేసే పనిలో ఎథిక్స్ కమిటీ అనుమతికే నెలలు పోవచ్చు, కాబట్టి పని ఆరో ఏట్లోకి వెళ్లడం మామూలే. ఆ ఏడాది జీతం ఎక్కడి నుంచి ఇస్తారని ఇప్పుడే అడగాలి, మొహమాటపడితే తర్వాత మీరే పంపాల్సి వస్తుంది. నన్నడిగితే, పక్కన నిలబడి పని నేర్పే పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పనిచేసే పరిశోధకులు) ఎవరైనా ఉంటే కొత్త ల్యాబే మేలంటాను. పెద్ద ల్యాబ్‌లో గైడ్ దొరకడమే కష్టం.

ప్రశ్న: పేపర్ పబ్లిష్ కాకపోతే థీసిస్ సబ్మిట్ చేయనివ్వరా?
– పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: యూజీసీ 2022 నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. కానీ చాలా సంస్థలు సొంతంగా పెట్టుకోవచ్చు, పెట్టుకున్నాయి కూడా. మీ యూనివర్సిటీ పీహెచ్‌డీ నిబంధనల (ఆర్డినెన్స్) కాపీ అకడమిక్ సెక్షన్‌లో అడిగి తీసుకోండి, సీనియర్లు చెప్పింది నమ్మొద్దు.