ఇల్లు నిండింది, ప్రార్థన తగ్గింది

ప్రశ్న: వందనాలండీ. అద్దె గదిలో ఉన్నన్నాళ్లూ రోజూ కుటుంబ ప్రార్థన చేసేవాళ్లం. సొంతిల్లు, కారు వచ్చాక ఆదివారం ఆరాధన కూడా తప్పుతోంది. సౌకర్యం పాపమా?
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: పాపం కాదమ్మా. కడుపు నిండాక దేవుణ్ణి మరవడమే ప్రమాదం. మంచి ఇళ్లు కట్టుకున్నవాళ్లకు బైబిల్లోని ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయం చేసిన హెచ్చరిక ఇదే. లవొదికయ చూడండి: క్రీ.శ. 60లో భూకంపానికి కూలినా, రోమా సాయం లేకుండా సొంత డబ్బుతో లేచిన పట్నం. తనకేమీ కొదవ లేదనుకున్న క్రైస్తవ సంఘం అక్కడిదే (ప్రకటన గ్రంథం 3:17).

జీతం పడిన రోజే, ఈఎంఐకి ముందే, కానుక వేరే కవర్లో పెట్టండి. నెలాఖరున ఇద్దామంటే మిగలదు. 50,000కు దశమభాగం 5,000; కుదరకపోతే 2,000తో మొదలుపెట్టండి, మానకండి. శుక్రవారం ఒకపూట ఉపవాసముండి, ఆ పూట బియ్యం, కూరల డబ్బు అక్కరలో ఉన్న పొరుగింటికి చేర్చండి. చేర్చకపోతే అది ఉత్త పస్తే. రాత్రి 9కి టీవీ ఆపి, ఫోన్లు వేరే గదిలో పెట్టి, ఒక పాట, పది వచనాలు, చిన్న ప్రార్థన: 15 నిమిషాలు చాలు. మొదట్లోనే గంట పెట్టుకుంటే పిల్లలు విసిగి, పది రోజులకే ఆగిపోతుంది.