ఐరన్ టాబ్లెట్లు వాడుతున్నా హిమోగ్లోబిన్ 9 దాటట్లేదంటే

ఐరన్ వాడుతున్నా హిమోగ్లోబిన్ పెరగట్లేదని ఒకరు అడిగారండీ, టిఫినయ్యాక టాబ్లెట్ వేసుకుని వెంటనే టీ తాగుతున్నారట. చాలావరకు సమస్య అక్కడే, టీ కాఫీలు ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు.

1. పరగడుపున గానీ తిన్న 2 గంటలకి గానీ వేసుకోండి, టీకి కనీసం గంట గ్యాప్. కడుపులో తిప్పితే కొంచెం తిని వేసుకోండి, మానేయడం మాత్రం వద్దు.

2. ఎక్కువమంది మిస్సయ్యేది కాల్షియం టాబ్లెట్. రెండూ ఒకే చీటీలో రాస్తారు, మనమేమో మర్చిపోతామని రెండూ కలిపి మింగేస్తాం, కానీ కాల్షియం ఐరన్‌కి అడ్డు పడుతుంది. ఐరన్ పొద్దున, కాల్షియం రాత్రి భోజనమయ్యాక పెట్టుకోండి. పాలు, పెరుగు కూడా ఐరన్‌తో కలపొద్దు. రోజూ గ్యాస్ టాబ్లెట్ వాడుతుంటే అదీ డాక్టర్‌కి చెప్పండి, దానివల్ల కూడా సరిగ్గా పట్టదు.

3. నెల తర్వాత సీబీసీ (రక్తకణాల పరీక్ష), దాంతోపాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు చూపే పరీక్ష) చేయించండి. హిమోగ్లోబిన్ 12 దాటగానే ఆపేయకండి, ఒంట్లో నిల్వలు నిండాలంటే మామూలుగా ఇంకో 3 నెలలు వాడమంటారు.

మోషన్ నల్లగా వస్తే కంగారు పడకండి, అది మామూలుగా ఐరన్ వల్లే. నెల తర్వాత కూడా హిమోగ్లోబిన్ పెరగకపోయినా, పీరియడ్స్‌లో బ్లీడింగ్ ఎక్కువున్నా గైనకాలజిస్ట్‌ని తప్పకుండా కలవండి.