పాము పగ సంగతి తర్వాత, ముందు మూత్రం సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. ఆరు రోజుల కింద రాత్రి మోటారు వేయడానికి పొలం వెళ్లిన మా నాన్నను (54 ఏళ్లు) పాము పాదం మీద కరిచింది. పామును అక్కడే కొట్టి చంపారు. పక్కూళ్లో మంత్రం వేసే పెద్దాయన పసరు తాగించి, వేపాకు నమిలించి, చేదు తెలిసింది కాబట్టి విషం దిగిపోయిందన్నారు. కాలి వాపు మాత్రం ఇంకా ఉంది. నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్రలు వేసుకుంటున్నారు. రెండు రోజులుగా మూత్రం కొంచెమే వస్తోంది, అదీ టీ డికాక్షన్ రంగులో. వేడి చేసిందని సబ్జా నీళ్లు ఇస్తున్నాం. నిన్న సాయంత్రం పశువుల కొట్టం దగ్గర అలాంటి పామే ఇంకొకటి కనిపించింది. చచ్చిన పాముకు జోడీ అని, పగ పట్టిందని అందరూ అంటున్నారు. పాములకు నిజంగా పగ ఉంటుందా? పరిహారం ఏమైనా చేయించాలా?

జవాబు: మీరు పగ గురించి అడిగారు. నేను మాత్రం మూత్రం గురించి రాసిన వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఓపీ మధ్యలో ఉత్తరం చదవగానే పోర్టల్ వాళ్లతో మీ నంబరుకు ఫోన్ చేయించాను, ఎవరూ ఎత్తలేదట. అందుకే వారం దాకా ఆగకుండా ఇవాళే వేయమన్నాను. మీరు కాకపోయినా మీ ఊరివాళ్లు ఎవరు చదివినా ఆ ఇంటికి వెళ్లి చెప్పండి.

పాము కరిచాక మూత్రం తగ్గడం, రంగు మారడం వేడి చేయడం కాదు. కిడ్నీలు దెబ్బతింటున్నాయేమో అని వెంటనే అనుమానించాల్సిన లక్షణం. పొలం గట్టు మీద, రాత్రిపూట, పాదం మీద కాటు, ఆరు రోజులైనా తగ్గని వాపు. ఇవన్నీ కలిపితే నాకు ముందు గుర్తొచ్చేది రక్తపింజర. ఉత్తరం చూసి ఏ పామో తేల్చి చెప్పలేను, చెప్పకూడదు కూడా. చేయి పెట్టి పరీక్షించిన డాక్టరు మాటే మీకు ప్రమాణం. కానీ రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది, కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. మొదటి రోజు మనిషి బాగానే ఉన్నట్టు కనిపించి, మూడో నాడో నాలుగో నాడో మూత్రం తగ్గిపోవడం మేం చూస్తూనే ఉంటాం.

నాన్నగారిని ఇవాళే, డయాలిసిస్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. అక్కడ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష), పొటాషియం, మూత్ర పరీక్ష, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్షలు చేస్తారు. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, నాకు ఎక్కువ భయం దానితోనే. అవసరమైతే కొన్నాళ్లు డయాలిసిస్ పెడతారు. డయాలిసిస్ అనగానే జీవితాంతం అనుకుని వెనక్కి వచ్చేయకండి. పాముకాటు వల్ల దెబ్బతిన్న కిడ్నీలు, సమయానికి వైద్యం అందితే, చాలామందిలో కొన్ని వారాల్లో కోలుకుంటాయి. అందరిలోనూ అని మాట ఇవ్వలేను.

ఇప్పుడు ఆ మాత్రల సంగతి. ఏ మాత్రలో మీరు రాయలేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివైతే ఈ నిమిషమే ఆపేయండి. మామూలు రోజుల్లోనే కిడ్నీల మీద భారం వేసే మందులవి. విషం తిన్న కిడ్నీల మీద, ఒంట్లో నీళ్లు తగ్గిన మనిషికి, ఆరు రోజులు వరసగా ఇవి పడితే ఏమవుతుందో ఆలోచించండి. నా దగ్గరకొచ్చే కిడ్నీ రోగులలో ఎంతమంది జేబులో ఈ మాత్రల స్ట్రిప్పు ఉంటుందో చెప్పలేను. "నొప్పి మాత్రే కదా సార్" అంటారు. అడిగి తెచ్చుకోవడం తేలికే, పోయిన కిడ్నీని తెచ్చుకోవడం కాదు. ఆ స్ట్రిప్పు పారేయకండి, ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించండి. తాగించిన పసరు ఏ ఆకుదో ఆ పెద్దాయనను అడగండి. కొన్ని ఆకుల రసాలు కూడా కిడ్నీకి హాని చేస్తాయి. కండలోకి ఇంజెక్షన్లు ఎవరి చేతా వేయించొద్దు, రక్తం గడ్డకట్టకపోతే లోపలే కారుతుంది.

వేపాకు పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని నమ్మే మీరు ఆరు రోజులు ఆగారు. వేపాకు చేదు, మిరపకాయ కారం తెలిస్తే విషం లేనట్టే అని మన పల్లెల్లో తరతరాలుగా నమ్ముతున్నారు. రక్తపింజర విషం నాలుక మీద పనిచేయదు. రక్తం మీద పనిచేస్తుంది. ప్రాణం మీదికొచ్చిన మనిషికి కూడా వేపాకు చేదుగానే ఉంటుంది. మేం చేసే పరీక్ష కూడా పెద్ద యంత్రాలతో ఏమీ కాదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు స్టాండులో ఉంచుతాం. తర్వాత ఒక్కసారి వంచి చూస్తాం. గడ్డ కదలకుండా అడుగున నిలిచిందా, కాస్త ధైర్యం. నీళ్లలా గోడ వెంట జారిందా, పాము విషానికి విరుగుడైన యాంటీ స్నేక్ వీనం మొదలుపెట్టాల్సిందే. సబ్బుతో కడిగిన గొట్టమైతే ఫలితం తప్పొస్తుంది, అందుకే కొత్తది వాడమని మా నర్సులకు పదేపదే చెబుతుంటాను. రోజులు గడిచినా రక్తం ఇంకా గడ్డకట్టకపోతే ఆ మందు ఇవ్వొచ్చు, కాబట్టి ఆలస్యమైందని వదిలేయకండి.

మరి మంత్రం వేస్తే తగ్గినవాళ్లు లేరా అంటారు. ఉన్నారు. మా తాతగారు చెప్పేవారు, నెల్లూరు వైపు ఒక రైల్వే స్టేషన్ మాస్టరుగారికి తంతి (టెలిగ్రాం) కొడితే ఎక్కడో ఉన్న మనిషికి విషం దిగిపోయేదట. చెప్పినవాళ్లు అబద్ధం చెప్పారని నేను అనను. మన దేశంలో 300కు పైగా పాము జాతులున్నాయి, వాటిలో ఎక్కువ భాగానికి ప్రాణం తీసే విషం లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర కరిచినా ప్రతిసారీ విషం ఎక్కదు, కొన్నిసార్లు పళ్లు దిగుతాయి, విషం దిగదు. వీళ్లందరూ మంత్రం వేసినా లేస్తారు, తంతి కొట్టినా లేస్తారు, ఏమీ చేయకపోయినా లేస్తారు. లేచినవాళ్లు పదిమందికి చెబుతారు. పోయినవాళ్ల ఇంట్లో మాత్రం "ఆయువు తీరింది" అనుకుంటారు, మంత్రం లెక్కలో రాయరు.

చచ్చినవాడు మంత్రంతో లేచి కూర్చున్నాడనే కథలకూ కారణం ఉంది. నాగుపాము, కట్లపాము విషం నరాల నుంచి కండరాలకు వెళ్లే సంకేతాన్ని అడ్డుకుంటుంది. రెప్పలు వాలిపోతాయి, మాట పోతుంది, వేలు కదలదు. చూసేవాళ్లకు శవంలా ఉంటుంది. లోపల స్పృహ ఉండొచ్చు, మీ ఏడుపు వినబడుతూ ఉండొచ్చు. కృత్రిమ శ్వాస పెడితే చాలామంది వెనక్కి వస్తారు. కట్లపాము కాటు నొప్పి కూడా పెద్దగా ఉండదు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలి, మాట ముద్దవుతుంటే గాలి సోకిందని, దయ్యం పట్టిందని తిప్పుతారు. ఒంటి మీద కాటు గుర్తు కనబడకపోయినా పామును అనుమానించండి. దోమతెర కట్టుకుని మంచం మీద పడుకోవడం దీనికి మంచి రక్షణ.

పగ గురించి అడిగారు కదా. పాము మెదడుకు ఒక మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వచ్చే శక్తి లేదు. పాములు జంటగా కాపురం చేయవు. కొట్టం దగ్గర గడ్డి ఉంది, దాణా ఉంది, వాటికోసం ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. ఒకటి తిరిగిన చోట ఇంకొకటి తిరగడంలో వింత లేదు. 2018లో దివిసీమలో పాముకాట్లు ఎక్కువైనప్పుడు మోపిదేవిలో సర్పశాంతి పూజలు చేశారు. మనసు కుదుటపడుతుందంటే పూజ చేసుకోండి, నేను కాదనను. కానీ ఆసుపత్రి నుంచి వచ్చాక. 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనవీ ఉన్నాయి. వాళ్లలో చాలామంది ఆసుపత్రి గడప తొక్కకుండానే పోయారు.

ఈసారి నయమై ఇంటికొచ్చినా, కొన్ని నెలల తర్వాత విపరీతమైన నీరసం, ఒంటి మీద వెంట్రుకలు రాలడం, ఆకలి మందగించడం ఉంటే మళ్లీ చూపించండి. రక్తపింజర విషం కొందరిలో మెదడు అడుగున ఉండి హార్మోన్లను నడిపించే పిట్యూటరీ గ్రంథిని దెబ్బతీస్తుంది. అది హార్మోన్ల పరీక్షలో తెలుస్తుంది.

పగ అంటున్న ఇంట్లోవాళ్లను తిట్టకండి, వాళ్ల భయం వాళ్లది. క్యాజువాల్టీలో ముందుగా రెండే మాటలు చెప్పండి: ఆరు రోజుల కింద పాము కరిచింది, రెండు రోజులుగా మూత్రం తగ్గింది. మిగతా కథంతా డాక్టరు సూది గుచ్చి రక్తం తీసుకుంటున్నప్పుడు చెప్పొచ్చు.