రోమన్ల పాలనలో నోరికం ఎలా ఉండేది? అక్కడి ఇనుముకు అంత పేరెందుకు?

నేటి ఆస్ట్రియాలో డాన్యూబ్ నదికి దక్షిణాన ఉన్న చాలా భాగం, కొంత స్లొవేనియా కలిస్తే నోరికం. అక్కడి కెల్టిక్ రాజ్యానికి రోమ్‌తో ముందు నుంచీ వ్యాపారం ఉంది. క్రీ.పూ. 15 ప్రాంతంలో పెద్ద యుద్ధమేమీ లేకుండానే రోమ్ చేతికి వచ్చింది. క్లాడియస్ చక్రవర్తి కాలంలో పూర్తి స్థాయి ప్రావిన్స్ అయింది, రాజధాని విరూనం.

అసలు ఆకర్షణ ఇనుము. హ్యూటెన్‌బెర్గ్ గనుల ఖనిజంలో మాంగనీస్ ఎక్కువ, భాస్వరం తక్కువ. అందుకే బొగ్గు కొలిమిలోనే ఉక్కు లాంటి గట్టి లోహం వచ్చేది. మాగ్దలెన్స్‌బెర్గ్ కొండ మీద ఇటలీ వర్తకులు తాము కొన్న ఇనుప సామాన్ల లెక్కలు గోడల మీదే గీసి పెట్టుకున్నారు. తవ్వకాల్లో అవి బయటపడ్డాయి. నా దృష్టిలో ఈ ప్రావిన్స్ గురించి ఇంతకంటే విలువైన ఆధారం లేదు.

మార్కోమన్ని అనే జర్మానిక్ తెగతో జరిగిన యుద్ధాల సమయంలో సరిహద్దు కాపలాకు ఒక లీజియన్ (రోమన్ సైన్యంలోని పెద్ద దళం) వచ్చి, చివరికి డాన్యూబ్ దగ్గరి లౌరియాకంలో స్థిరపడింది. క్రీ.శ. 488లో, అప్పటి ఇటలీ పాలకుడు ఒడోవాకర్ ఆజ్ఞతో నది ఒడ్డున ఉన్న చాలామంది రోమన్లు ఇటలీకి తరలిపోయారు.