టీ చవకైతే బోస్టన్ జనం ఎందుకు తిరగబడ్డారు?

"1773లో టీ చట్టంతో అమెరికా వలసల్లో టీ ధర తగ్గింది కదా, మరి సముద్రంలో ఎందుకు పారబోశారు?" అని అడిగారు. ధర చూసుకుంటూ కూర్చుంటే ఈ లెక్క తేలదు. ఆ పన్ను డబ్బు ఎవరి చేతికి పోతోందో చూడాలి.

పౌను టీ మీద 3 పెన్నీల సుంకం 1767 నాటి టౌన్‌షెండ్ చట్టాలది; అమెరికా వలసల్లోకి వచ్చే సరుకుల మీద బ్రిటిష్ పార్లమెంటు సుంకాలు వేసిన చట్టాలవి. గాజు, కాగితం, రంగులు, సీసం మీద సుంకాలను 1770లో ఎత్తేశారు. పన్ను వేసే హక్కు పార్లమెంటుదేనని చాటడానికి టీ మీద మాత్రం ఉంచారు. ఆ రాబడితో గవర్నర్లకు, జడ్జీలకు జీతాలివ్వాలన్నది ఏర్పాటు. మసాచుసెట్స్‌లో గవర్నరు జీతం అంతవరకూ మంజూరు చేసింది జనం ఎన్నుకున్న సభ. గవర్నరు మాట వినకపోతే సభ చేతిలో ఉన్న పగ్గం అదే. 'ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు' లాంటి నినాదాలు అందరికీ గుర్తుంటాయి గానీ, అసలు మంట ఈ జీతాల దగ్గరే ఉందని నా అభిప్రాయం.

అప్పుల్లో కూరుకుపోయిన ఈస్టిండియా కంపెనీని (1765 ఫర్మానాతో మన ఉత్తర సర్కారులు రాయించుకున్న కంపెనీయే) గట్టెక్కించడానికి టీ చట్టం తెచ్చారు. కంపెనీ తన ఏజెంట్ల ద్వారా నేరుగా అమ్ముకోవచ్చు. దాంతో దొంగచాటుగా వచ్చే డచ్చి టీ కన్నా ఇదే చవక. స్థానిక వర్తకులకు దెబ్బ. బోస్టన్ ఏజెంట్లలో గవర్నర్ హచిన్సన్ కొడుకులిద్దరు.

మరి పారబోయడమే ఎందుకు? ఓడ వచ్చిన 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ వాళ్లు సరుకు జప్తు చేయొచ్చు. దాన్ని అమ్మితే సుంకం వసూలైనట్టే అవుతుందని జనం భయం. ఫిలడెల్ఫియాలో ఏజెంట్లు తప్పుకోవడంతో ఓడను తిప్పి పంపగలిగారు. బోస్టన్‌లో ఏజెంట్లు తప్పుకోలేదు, ఓడ బయటికి పోవడానికి హచిన్సన్ పాసు ఇవ్వలేదు. నవంబరు 28న వచ్చిన డార్ట్‌మత్ ఓడకు గడువు ముంచుకొచ్చింది. డిసెంబరు 16 రాత్రి మూడు ఓడల్లోని 342 పెట్టెలూ పగలగొట్టి నీళ్లలో గుమ్మరించారు. అదంతా చైనా టీ, ఎక్కువగా బోహీ అనే నల్ల టీ రకం.

లండన్ 1774లో బోస్టన్ రేవు మూసేసి, మసాచుసెట్స్ పాలనా సనదునే మార్చేసింది. 'రేపు మన సభకూ ఇదే గతి' అని పొరుగు వలసలకు అప్పుడు అర్థమైంది. సెప్టెంబరుకల్లా 12 వలసల ప్రతినిధులు ఏం చేయాలో తేల్చుకోవడానికి ఫిలడెల్ఫియాలో సమావేశమయ్యారు. రాబడి కోసం వలసల మీద పన్ను వేయబోమని పార్లమెంటు చట్టం చేసింది 1778లో. స్వాతంత్ర్య ప్రకటన వచ్చి అప్పటికే ఏడాదిన్నర దాటింది.