14 కోర్ల పాత జియానా, 6 కోర్ల కొత్త ఐ5నా?

ప్రశ్న: అన్నా, మాస్టర్స్ చదవడానికి వచ్చి రెండు నెలలైంది. వెంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీయే. కాస్త పెద్ద పని పెడితే చాలు, బిగుసుకుపోతోంది. చదువు ముగించుకుని వెళ్లిపోతున్న ఒక సీనియర్ తన పాత వర్క్‌స్టేషన్ అమ్ముతున్నాడు. సర్వర్ల కోసం ఇంటెల్ చేసే జియాన్ రకంలో ఈ5-2680 వీ4 ప్రాసెసర్, 64 జీబీ ర్యామ్. ఇంచుమించు అదే డబ్బుకి కోర్ ఐ5-12400, 16 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కూడా దొరుకుతోంది. 14 కోర్లు వదులుకుని 6 కోర్లు కొంటే మోసపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ ప్రశ్న చదువుతుంటే నా మొదటి ఏడాది గుర్తొచ్చింది. నేనూ ఇలాగే కోర్లు లెక్కపెట్టి కొన్నవాణ్ణే. రెండు జియాన్ ఈ5-2670లు ఉన్న పాత వర్క్‌స్టేషన్ అది. 16 కోర్లు, అంటే ప్రాసెసర్‌లో విడివిడిగా పని చేసే భాగాలు. 32 థ్రెడ్లు, అంటే ఒకేసారి నడవగల పనుల వరుసలు. టాస్క్ మేనేజర్ తెరిస్తే స్క్రీన్ నిండా చిన్న చిన్న గళ్లు, థ్రెడ్‌కొకటి. ఆ గళ్లను ఫొటో తీసి తెలిసినవాళ్లందరికీ పంపాను. మర్నాడు అసైన్‌మెంట్ కోడ్ నడిపితే, రూమ్మేట్ మామూలు ల్యాప్‌టాప్‌లో నాకంటే ముందే అయిపోయింది. మళ్లీ టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. ఒక గడి పైదాకా నిండి ఉంది. మిగతా 31 గళ్లూ ఖాళీ.

కాబట్టి కోర్ల సంఖ్యను కాసేపు పక్కన పెట్టండి. మీ పని దేని దగ్గర ఆగుతోంది? ప్రాసెసర్ వేగం చాలకా, ర్యామ్ చాలకా? అది తేలితే ఏది కొనాలో తేల్చుకోవడం కష్టం కాదు.

ఈ5-2680 వీ4 2016లో వచ్చింది. 14 కోర్లు, 28 థ్రెడ్లు, 35 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ). బేస్ వేగం 2.4 గిగాహెర్ట్జ్, టర్బోలో, అంటే అవసరమైనప్పుడు వేగం పెంచుకుంటే, 3.3 దాకా వెళ్తుంది. ఐ5-12400 వచ్చింది 2022 జనవరిలో. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 18 ఎంబీ క్యాష్, 2.5 నుంచి 4.4 గిగాహెర్ట్జ్. బేస్ వేగాలు 2.4, 2.5 అని చూసి రెండు కోర్లూ సమానమేనని చాలామంది పొరబడతారు. గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని అడుగులు వేస్తుందన్న లెక్క. ఒక్కో అడుగు ఎంత పొడవో అది చెప్పదు. పాత జియాన్‌లోని బ్రాడ్‌వెల్ కోర్ ఒక్కో క్లాక్‌కు, అంటే ఒక్కో అడుగుకు, 4 ఇన్‌స్ట్రక్షన్లు డీకోడ్ చేసేలా (చదివి అర్థం చేసుకునేలా) కట్టింది. ఐ5లోని గోల్డెన్ కోవ్ కోర్ 6 చేయగలదు. ఏ పని ముందు చేస్తే బాగుంటుందో ఏరుకోవడానికి పాతది 192 ఆపరేషన్లను దగ్గర పెట్టుకుంటే కొత్తది 512 పెట్టుకుంటుంది. అందుకే ఒకే కోర్ మీద నడిచే పనిలో ఆ జియాన్ వేగం ఈ ఐ5 వేగంలో సగానికి కాస్త పైన, అంతే.

మరి 14 కోర్లూ కలిస్తే? ఇక్కడ 1967లో కంప్యూటర్ ఇంజినీర్ జీన్ ఆమ్డాల్ చెప్పిన సూత్రం ఒకటుంది. కోర్లకు పంచలేని భాగమే మొత్తం వేగానికి హద్దు గీస్తుందని. మీ క్లాసులో ఈపాటికి వచ్చే ఉంటుంది, కొనేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుండదు. జియాన్ ఒక్క కోర్ మీద 100 నిమిషాలు పట్టే పని ఉందనుకోండి. అందులో 80 నిమిషాల పని కోర్లకు పంచవచ్చు, 20 నిమిషాల పని పంచడానికి వీలుకాదు. 14 కోర్లకు పంచితే ఆ 80 దాదాపు 6 నిమిషాలకు దిగుతుంది. 20 మాత్రం కదలదు. మొత్తం 26 నిమిషాలు. అదే పని అలాంటి 6 కోర్లకే పంచితే 33 నిమిషాలు. కానీ ఐ5 కోర్ ఒక్కొక్కటీ సుమారు 1.8 రెట్లు వేగంగా నడుస్తుందనుకుంటే, ఆ 33 కాస్తా 18, 19 నిమిషాల దగ్గరకు వచ్చేస్తుంది. కోర్లు తక్కువున్నదే ముందు లేస్తుంది.

పని మొత్తం పంచుకోగలిగేదైతే కథ మారుతుంది. 3డీ రెండరింగ్, వందల ఫైళ్లున్న ప్రాజెక్టును కంపైల్ చేయడం, ఒకే ప్రోగ్రామ్‌ను వేర్వేరు విలువలతో పాతికసార్లు నడపడం లాంటివి. అక్కడ పాత 14 కోర్లు కొత్త 6 కోర్లకు ఇంచుమించు సమానంగా నిలుస్తాయి. ఆరేళ్ల వయసు తేడా ఉన్నా సమానంగా నిలవడం గొప్పే. కానీ మీరు దాన్ని కొనాలనుకుంటున్నది సమానంగా నిలుస్తుందని కాదు కదా, రెట్టింపు పైన వస్తుందని.

ర్యామ్ సంగతికొస్తే మీ సీనియర్ మెషీన్‌కు నిజంగా బలం ఉంది. ఆ జియాన్‌కు మెమరీ చానెళ్లు, అంటే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారులు, నాలుగు. డీడీఆర్4-2400 మాడ్యూళ్లు నాలుగు చానెళ్లలోనూ ఉంటే సెకనుకు 76.8 జీబీ దాకా డేటా కదులుతుంది. ఐ5కి చానెళ్లు రెండే, డీడీఆర్4-3200తో 51.2 జీబీ. ఇక మొత్తం ఎంత ర్యామ్ పెట్టుకోవచ్చంటే పోలికే లేదు. ఐ5కి 128 జీబీ దగ్గర గీత పడుతుంది. జియాన్ ఒక్కో సాకెట్‌కు (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటుకు) 1.5 టీబీ దాకా మోస్తుంది. పైగా ఈసీసీ ఉంటుంది, అంటే మెమరీలో ఒక బిట్ తారుమారైతే తనే పట్టుకుని సరిచేస్తుంది. రోజుల తరబడి ఆపకుండా నడిచే సిమ్యులేషన్లకు ఇది చిన్న విషయం కాదు. పాత సర్వర్లు విప్పేసినప్పుడు ఈ ర్యామ్ కుప్పలుగా బయటికొస్తుంది కాబట్టి చవగ్గానే దొరుకుతుంది. కార్డులు, ఎస్ఎస్‌డీలు ప్రాసెసర్‌తో మాట్లాడుకునే దారులైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు కూడా జియాన్‌కు 40, ఐ5కి 20. రెండు గ్రాఫిక్స్ కార్డులు, నాలుగైదు ఎస్ఎస్‌డీలు పెట్టేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

నా వర్క్‌స్టేషన్ చివరికి పనికొచ్చింది కూడా ఇక్కడే. ఉద్యోగాల కోసం క్లౌడ్, కుబర్నెటీస్ (చాలా మెషీన్ల మీద ప్రోగ్రాములను నడిపించే సాఫ్ట్‌వేర్) నేర్చుకునే రోజుల్లో దాని మీద ఎనిమిది వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లు, ఒకేసారి నడిపాను. అవి ముప్పావు వంతు సమయం ఊరికే కూర్చుని ఉండేవి. కానీ ఒక్కోదానికి ఉండడానికి చోటు కావాలి, అంటే ర్యామ్ కావాలి. కోర్లు నెమ్మదివైనా నాకు అడ్డు రాలేదు. మీరూ అలాంటి ల్యాబ్ పెట్టుకునే ఆలోచనలో ఉంటే, ఇప్పటిదాకా నేను చెప్పినదాన్ని తిరగేసి చదువుకోవచ్చు.

ఒక జాగ్రత్త. సర్వర్ ర్యామ్ చవగ్గా దొరుకుతోంది కదా, తెచ్చి ఐ5లో వేద్దామనుకోకండి. సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ డీడీఆర్4 మాడ్యూల్ డెస్క్‌టాప్ స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, మెషీన్ మాత్రం బూట్ కాదు. మా బ్యాచ్‌లో ఒకాయన ఇలాగే ఒక పూటంతా బోర్డు పాడైందనుకుని కంగారుపడ్డాడు.

పాత జియాన్ అన్నప్పుడు ఎంత పాతదో పేరు చివర చూసి తెలుసుకోవచ్చు. ఈ5-2600 వరుసలో చివర ఏమీ లేకపోతే 2012 నాటిది. వీ2 అంటే 2013, వీ3 అంటే 2014, వీ4 అంటే 2016. మొదటి రెండూ డీడీఆర్3 ర్యామ్‌వి, తర్వాతి రెండూ డీడీఆర్4వి. వీ2 దాకా ఉన్నవాటిలో ఒకేసారి చాలా సంఖ్యల మీద లెక్క చేసే ఏవీఎక్స్2 ఇన్‌స్ట్రక్షన్లు ఉండవు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 లాంటిది అవి లేని ప్రాసెసర్ మీద నడవదు. ఇంకెవరైనా వీ2 చూపించి ఇది ఇంకా చవక అంటే ఆ మాట దాటేయండి. వీ4కి ఈ ఇబ్బంది లేదు, కానీ విండోస్ 11 నడపడానికి మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న ప్రాసెసర్ల జాబితాలో దానికీ చోటు లేదు. అడ్డదారుల్లో ఎక్కించుకునేవాళ్లున్నారు, నేను మాత్రం పరీక్షల వారంలో ఆ సాహసం చేయను. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి జియాన్ కొంటే లినక్స్‌తో కాపురం చేయడానికి సిద్ధపడే కొనండి. ఐ5-12400కి ఈ తలనొప్పులేవీ లేవు.

గ్రాఫిక్స్ సంగతి కూడా ముందే అడగండి. ఈ5 జియాన్‌లో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు లేకపోతే మానిటర్ మీద బొమ్మే రాదు. ఐ5-12400లో లోపలే ఉంటుంది. అయితే అమ్మేవాళ్లు కొన్నిసార్లు పేరు చివరి ఎఫ్ అక్షరం చెప్పడం మర్చిపోతారు. 12400ఎఫ్ అయితే అందులోనూ ఉండదు.

డీప్ లెర్నింగ్ కోసమైతే ఈ రెండింటి మధ్య గొడవే అనవసరం. ట్రైనింగ్ బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. మీ డిపార్ట్‌మెంట్‌లో విద్యార్థులు వాడుకునే క్లస్టర్ (కలిపి వాడే పెద్ద కంప్యూటర్ల గుంపు) ఉందేమో కనుక్కోండి. ఉంటే ఇంట్లో పెట్టేది దాంట్లోకి లాగిన్ అవడానికి సరిపోతే చాలు.

ఇక కరెంటు. పేపర్ మీద జియాన్ 120 వాట్లు. ఐ5 బేస్ 65, టర్బోలో 117 దాకా పోవచ్చు. అసలు తేడా పని చేసేటప్పటి కంటే ఊరికే ఉన్నప్పుడు బయటపడుతుంది. నా రెండు సాకెట్ల మెషీన్‌కు మీటర్ తగిలించి చూస్తే ఏ పనీ లేకుండానే 130 వాట్లు లాగేది. గ్రాఫిక్స్ కార్డు లేని ఇప్పటి డెస్క్‌టాప్ 30 దగ్గర ఉంటుంది. 100 వాట్ల తేడాతో రోజంతా ఆన్‌లో ఉంచితే రోజుకు 2.4 యూనిట్లు, ఏడాదికి 876 యూనిట్లు. మీ సీనియర్‌ది ఒకటే సాకెట్ అయితే అంత ఉండదు, అయినా ఐ5 కంటే ఎక్కువే. నలుగురు కలిసి బిల్లు సమానంగా పంచుకునే ఇంట్లో ఇది కరెంటు లెక్కతో ఆగదు. మా ఇంట్లో ఆగలేదు.

రెండు సాకెట్లంటే గుర్తొచ్చింది. అలాంటి బోర్డులో ర్యామ్ కూడా రెండు ప్రాసెసర్లకు పంచి ఉంటుంది. ఒకటి రెండోదాని ర్యామ్‌లో ఉన్న డేటా కావాలంటే మధ్యలో ఉన్న లింక్ దాటి వెళ్లాలి, ఆలస్యమవుతుంది. ఒక్క సాకెట్‌దే మేలు. ఎవరైనా ర్యాక్ సర్వర్ ఊరికే ఇస్తామన్నా తీసుకోకండి. పల్చటి సర్వర్లలో ఉండే చిన్న ఫ్యాన్లు గాలి తోయాలంటే విపరీతమైన వేగంతో తిరగాలి. అది ఉన్న గదిలో మనుషులు పడుకోలేరు.

నన్ను అన్నిటికంటే ఏడిపించింది పవర్ సప్లై. బ్రాండెడ్ వర్క్‌స్టేషన్లలో చాలావాటికి పవర్ సప్లై, మదర్‌బోర్డు ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటాయి. నాది సరిగ్గా ప్రాజెక్ట్ గడువుకు ముందు పోయింది. మామూలు పవర్ సప్లై కొనుక్కొస్తే కనెక్టరే వేరు. సరైనది వెతికి తెప్పించుకునే సరికి మూడు వారాలు లైబ్రరీ కంప్యూటర్ల దగ్గరే గడిచాయి. ఐ5 మెషీన్ మామూలు ఏటీఎక్స్ (చాలా కంపెనీలు పాటించే కొలత) క్యాబినెట్‌లో ఉంటే ఏది పోయినా అదే రోజు మార్చుకోవచ్చు. రేపు ఆ బోర్డు బయాస్ (బోర్డులో ఉండే, మెషీన్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసి 13వ, 14వ తరం ప్రాసెసర్ కూడా పెట్టుకోవచ్చు. జియాన్ సాకెట్‌కు వీ4తోనే వంశం ఆగిపోయింది.

మీరు రాసినదాన్ని బట్టి మీ ఇబ్బంది 8 జీబీ ర్యామ్, ప్రాసెసర్ కాదు. 64 అవసరమని మీరెక్కడా అనలేదు. ఐ5 తీసుకుని, 16 జీబీని రెండు చానెళ్లలోనూ ఉండేలా చూసుకుని 32 చేసుకోండి. నేనైతే అదే చేస్తాను. వర్చువల్ మెషీన్లు, పెద్ద డేటాబేస్‌లు, మెమరీలో ఇమడని డేటాసెట్లు ఉంటేనే జియాన్ వైపు చూడండి.

నా మాట మీద కూడా కొనకండి. సీనియర్‌ను ఒక గంట టైమ్ అడగండి. మీరు చేస్తున్న ప్రాజెక్టే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఆయన మెషీన్ మీద నడిపి, పక్కన టాస్క్ మేనేజర్‌గానీ, లినక్స్ అయితే అలాంటిదే అయిన హెచ్‌టాప్‌గానీ తెరిచి పెట్టండి. 28 గళ్లలో ఒకటో రెండో నిండి, ర్యామ్ 20 జీబీ కూడా దాటకపోతే థ్యాంక్స్ చెప్పి వచ్చేయండి. గళ్లన్నీ నిండి, ర్యామ్ కూడా 50 దాటితే బేరం కుదుర్చుకోండి. ఆ పెట్టెను మోయడానికి తోడుగా ఇంకొకరిని తీసుకెళ్లండి, ఒక్కరి వల్ల కాదు.