ఇంట్లోకి గబ్బిలం వచ్చింది, రేబీస్ టీకా వేయించుకోవాలా?

ఈ నెల ఉత్తరాల్లో గబ్బిలం గురించి అడిగినవే ఎక్కువ. కొన్ని అమెరికా నుంచి, కొన్ని ఇక్కడి నుంచి. ప్రశ్న ఒకటే అయినా జవాబు ఒకటి కాదు. ఆ గబ్బిలం ఏ దేశంలోది, అది వచ్చినప్పుడు గదిలో ఎవరైనా నిద్రపోతున్నారా అన్న రెండు సంగతుల్ని బట్టి జవాబు మారుతుంది.

ప్రశ్న: మొన్న రాత్రి మా పాప గదిలో గబ్బిలం ఎగురుతూ కనిపించింది. పాపకు మూడేళ్లు, మంచి నిద్రలో ఉంది. ఒళ్లంతా వెతికినా గాట్లేమీ లేవు. మావారు కిటికీ తెరిచి దాన్ని బయటికి తోలేశారు. డాక్టర్ దగ్గరికి వెళ్లాలా? "మన ఊళ్లో రోజూ వచ్చేవి, ఎవరికేమైంది?" అంటున్నారు మా అత్తగారు.
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: వెళ్లాలి, ఈ రోజే. గాట్లు కనిపించలేదు కదా అని ఆగొద్దు. అమెరికాలో ఇళ్లలోకి దూరేవి పురుగులు తినే చిన్న గబ్బిలాలు. చాలావాటి బరువు పది పదిహేను గ్రాములే. పళ్లు సూదిమొనల్లా ఉంటాయి. కరిచినచోట చిన్న చుక్క పడుతుంది, కాసేపటికి అదీ ఆనవాలుండదు. మెలకువగా ఉన్న పెద్దవాళ్లకు చురుక్కుమన్న సంగతి తెలుస్తుంది. నిద్రలో ఉన్న మూడేళ్ల పిల్ల చెప్పలేదు. అందుకే నిద్రపోతున్నవాళ్లు, ఒంటరిగా ఉన్న పసిపిల్లలు, తాగి ఒళ్లు తెలియనివాళ్లు, జరిగింది చెప్పలేని రోగులు ఉన్న గదిలో గబ్బిలం కనబడితే, కరిచి ఉండవచ్చనే అక్కడి ఆరోగ్య శాఖలు లెక్కవేస్తాయి.

మీ అత్తగారి మాట మన ఊరికి చాలావరకు సరిపోతుంది, టెక్సస్‌కు సరిపోదు. కుక్కల్లో తిరిగే రేబీస్ రకం తమ దేశంలో లేదని అమెరికా 2007లోనే ప్రకటించింది. మిగిలింది అడవి జంతువుల్లోది: గబ్బిలం, రకూన్, స్కంక్, నక్క. అక్కడ రేబీస్‌తో పోయేవాళ్లు సాధారణంగా ఏడాదికి ఒకరిద్దరు, ముగ్గురు. ఆ దేశంలోనే సోకినవాళ్లలో ఎక్కువమందికి వచ్చింది గబ్బిలం నుంచే. 2021లో కొద్ది వారాల వ్యవధిలో ముగ్గురు అలా చనిపోయారు. వారిలో ఒకరు టెక్సస్ బాలుడు. ఇంకొకరు ఇల్లినాయ్‌లో ఎనభై దాటిన పెద్దాయన. నిద్రలేచేసరికి మెడ మీద గబ్బిలం ఉంది. దానికి రేబీస్ ఉందని పరీక్షలో తేలినా ఆయన టీకా వద్దన్నారు. 2024లో కెనడాలోని ఒంటారియోలో ఒక చిన్నారి గదిలో గబ్బిలం కనిపించింది. గాట్లు లేవని ఆసుపత్రికి తీసుకెళ్లలేదు, ఆ బిడ్డ దక్కలేదు. భయపెట్టడానికి చెప్పడం లేదు. పరీక్షకు వచ్చిన గబ్బిలాల్లోనే నూటికి ఆరింటిలో మాత్రమే రేబీస్ ఉంటుంది, బయట ఎగిరేవాటిలో ఇంకా తక్కువ. కానీ లక్షణాలు మొదలయ్యాక ఈ జబ్బుకు మందు లేదు, ముందే టీకా పడితే దాదాపు పూర్తి రక్షణ. బేరం అంతే.

ముందు మీ కౌంటీ ఆరోగ్య శాఖకు ఫోన్ చేయండి. టీకా వేయాలో వద్దో తేల్చడంలో వాళ్లకు అలవాటుంటుంది, ఏ ఆసుపత్రికి వెళ్లాలో కూడా చెబుతారు. అర్జెంట్ కేర్ క్లినిక్‌కు వెళ్లి వెనక్కి రావడం చాలామందికి జరిగేదే. టీకాతో పాటు వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీల మందు) అక్కడ సాధారణంగా ఉంచరు. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే వెళ్లాలి. ఆ మందు కిలో బరువుకు 20 యూనిట్లు. మీ పాప 14 కిలోలుంటే 280 యూనిట్లు. గాయం ఉంటే దాని చుట్టూ ఎక్కిస్తారు, లేకపోతే టీకా వేసిన చోటికి దూరంగా కండలోకి ఇస్తారు. టీకా నాలుగు మోతాదులు: మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 14 రోజుల్లో. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు 28వ రోజున ఐదోది. చిన్నపిల్లలకు తొడ బయటివైపు, పెద్దలకు భుజం మీద వేయాలి. పిరుదులో వేస్తే మందు సరిగా పట్టదు, వేయబోతే ఆపండి. మొదటి రోజు టీకా ఒక్కటే పడి ఇమ్యునోగ్లోబ్యులిన్ దొరక్కపోతే, ఏడో రోజు దాకా దాన్ని వేయించుకోవచ్చు.

రేబీస్ బయటపడటానికి మామూలుగా నెలలు పడుతుంది కాబట్టి రెండు రోజులు గడిచాయని గుండెలు బాదుకోనక్కర్లేదు. అలాగని వారం చూద్దాం అనుకోవద్దు. గబ్బిలాన్ని వదిలేయడం వల్ల నష్టం ఎక్కడంటే, అది చేతిలో ఉంటే ఒకటి రెండు రోజుల్లో పరీక్ష ఫలితం వచ్చేది. లేదని తేలితే పాపకు ఒక్క సూదీ పడేది కాదు, వేల డాలర్ల బిల్లూ తప్పేది. బీమా లేనివాళ్లకు మందు తయారుచేసే కంపెనీల సహాయ పథకాలున్నాయి. ఆసుపత్రి సోషల్ వర్కర్‌ను అడగండి.

ప్రశ్న: మరి దాన్ని పట్టుకోవడం ఎలా? మా ఇంట్లో వస్తే చీపురో, దోమల బ్యాటో తీసుకుని వెంటపడతారు.
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఆ బ్యాటే అసలు చిక్కు. రేబీస్ పరీక్ష మెదడు మీద చేస్తారు. తల చితికితే పరీక్షకు పనికిరాదు, అప్పుడు ఇంటిల్లిపాదికీ సూదులే.

పిల్లల్నీ కుక్కనూ పిల్లినీ బయటికి పంపి ఆ గది తలుపు వేయండి, కిటికీలూ మూయండి. ఫ్యాన్ ఆపండి, లైటు ఉండనివ్వండి. గబ్బిలం గది మధ్యకు వచ్చేసరికి కిందికి జారి, గోడ దగ్గర మళ్లీ పైకి లేస్తుంది. మీ మీదికి దూకినట్టు అనిపించేది అందుకే, జుట్టు పట్టుకోవడానికి కాదు. గోడకు ఆనుకుని నిలబడితే మీ పక్కకు రాదు. పది ఇరవై నిమిషాల్లో అలిసి కర్టెన్ మడతలోనో అల్మరా పైనో వాలుతుంది.

మందపాటి తోలు గ్లవ్స్ వేసుకోండి. వంటింటి రబ్బరు గ్లవ్స్ లోంచి పళ్లు దిగుతాయి. వాలిన గబ్బిలం మీద ప్లాస్టిక్ డబ్బానో చిన్న అట్టపెట్టెనో మెల్లగా బోర్లించి, గోడకూ డబ్బాకూ మధ్య గట్టి అట్టముక్క జరపండి. అట్టను అదిమిపట్టి డబ్బా తిప్పి, చుట్టూ టేపు వేయండి. గాలికి చిల్లులు పెన్సిల్ మొనంతే పెట్టాలి. పావు అంగుళం సందు దొరికినా అది దూరిపోతుంది. డబ్బాను పిల్లలకందని చల్లటి చోట పెట్టి ఆరోగ్య శాఖకో యానిమల్ కంట్రోల్‌కో ఫోన్ చేయండి. చచ్చి ఉంటే గ్లవ్స్‌తోనే తీసి రెండు జిప్ సంచుల్లో వేసి, ఐస్ ప్యాక్‌లున్న కూలర్లో ఉంచండి. ఫ్రీజర్లో పెట్టొద్దు, గడ్డకట్టి కరిగితే మెదడు ముద్దైపోతుంది.

పరీక్షకు పంపకుండా వదిలేయగలిగేది ఒక్క సందర్భంలోనే: అది లోపలికి వచ్చిన దగ్గర్నుంచీ అందరూ మెలకువగా ఉండి చూశారు, అది ఎవరినీ తాకలేదు, ఇంట్లో పసిపిల్లలు గదిలో లేరు. అప్పుడు లోపలి తలుపులు మూసి, బయటి తలుపు బార్లా తెరిచి, లైట్లు ఆపి కూర్చోండి. దానంతటదే పోతుంది.

ప్రశ్న: మా ఇంటి అటకలో గబ్బిలాలు కాపురం పెట్టాయి, రోజూ మునిమాపువేళ చూరు కింది నుంచి బయటికి వస్తున్నాయి. జూన్‌లోనే సందులు మూయించెయ్యాలా?
– కొలంబస్, ఒహాయో

జవాబు: జూన్‌లో వద్దు. మే నడిమి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా పిల్లలు ఎగరలేవు. సందులు మూస్తే తల్లులు బయట, పిల్లలు లోపల చచ్చి కుళ్లుతాయి. తల్లులు దారి వెతుక్కుంటూ పడకగదుల్లోకి దిగుతాయి. తేదీలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, కొన్నిచోట్ల చట్టమే అడ్డుపడుతుంది. ఈలోగా అటక నుంచి ఇంట్లోకి వచ్చే సందులు మూయండి: లైటు ఫిట్టింగుల చుట్టూ, అటక తలుపు అంచుల్లో, గొట్టాల పక్కన.

ఆగస్టు తర్వాత, అవి వెళ్లే రంధ్రం మీద వల కట్టాలి. పైనా పక్కలా బిగించి కింద తెరిచి, రెండడుగులు వేలాడనివ్వాలి. గబ్బిలం వల కింది నుంచి జారి బయటికి పోతుంది, తిరిగొచ్చి రంధ్రం దగ్గరే తడుముకుంటుంది తప్ప కింది దారి పట్టదు. వానలేని వెచ్చని రాత్రులు ఐదు నుంచి ఏడు గడిచాక వల తీసి, సందుల్లో కాల్క్ (పగుళ్లు పూడ్చే జిగురు) నింపి, పెద్దవాటికి పావు అంగుళం కన్ను ఉన్న ఇనుప జాలీ కొట్టించండి. నాఫ్తలీన్ ఉండలు, శబ్దం చేసే యంత్రాలు కొనొద్దు, డబ్బు దండగ. పెంటలో రేబీస్ ఉండదు. ఒహాయో లోయలో మాత్రం దానిలో పెరిగే బూజుతో ఊపిరితిత్తుల జబ్బు హిస్టోప్లాస్మోసిస్ వస్తుంది. ఎన్95 మాస్కు వేసుకుని, నీళ్లు చల్లి తడిపాకే ఎత్తండి, పొడిగా ఊడ్చొద్దు.

ప్రశ్న: మా వరండాలో రోజూ తెల్లారేసరికి నమిలి ఉమ్మిన బాదంపండు పిప్పి, జామపండు ముక్కలు. నిన్న ఒకటి హాల్లోకి వచ్చింది, మా అబ్బాయి చీరతో కప్పి పట్టి వదిలేశాడు. రేబీస్ టీకా వేయించాలా?
– అమలాపురం

జవాబు: మీ వరండాకు వచ్చేది పళ్లు తినే చిన్న గబ్బిలం. దూరంగా ఉన్న చెట్టు నుంచి పండు నోట కరుచుకొచ్చి, మీ సన్‌షేడ్ కింద వేలాడి, రసం పిండుకుని పిప్పి వదిలేస్తుంది. మన దేశంలో గబ్బిలాల్లో రేబీస్ ఉందని ఇంతవరకు తిరుగులేకుండా నిరూపణ కాలేదు. అందుకే మన జాతీయ మార్గదర్శకాలు గబ్బిలం తగిలినందుకు టీకా అక్కర్లేదని చెప్పాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం గబ్బిలం నేరుగా ఒంటికి తగలడాన్నే అన్నిటికంటే ప్రమాదమైన మూడో కేటగిరీలో పెట్టింది. ఇంట్లోకి వచ్చిపోతే ఏమీ చేయక్కర్లేదు. చీర మీదుగా పట్టుకుని పంటిగాటు పడకపోతే కూడా భయం లేదు. నిజంగా కరిచి రక్తం వస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి డాక్టర్‌కు చూపించండి, టీకా సంగతి వాళ్లు తేలుస్తారు. కుక్క కరిచినప్పుడు దాన్ని పది రోజులు గమనించమని చెప్పే పద్ధతి గబ్బిలానికి వర్తించదు.

మీ ఊళ్లో భయపడాల్సింది కుక్కకు. మనిషికి రేబీస్ వచ్చే ప్రతి వంద కేసుల్లో 99 కుక్క నుంచే. కరిచినా, గీరి రక్తం చిమ్మినా కారం, సున్నం, పసరు పెట్టకుండా కడిగి పీహెచ్‌సీకి వెళ్లండి. అక్కడ చర్మంలోకి వేసే పద్ధతిలో రెండు భుజాలకూ 0.1 మి.లీ. చొప్పున 0, 3, 7, 28 రోజుల్లో ఉచితంగా వేస్తారు. రక్తం వచ్చిన గాయానికి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి, గుర్రం నుంచి తీసిందైతే కిలోకు 40 యూనిట్లు. అది పీహెచ్‌సీలో లేకపోతే అదే రోజు ఏరియా ఆసుపత్రికి పంపమని అడగండి. గాయం మానిందని 28వ రోజు సూది మానేసేవాళ్లు చాలామంది. మానొద్దు.

గబ్బిలం విషయంలో ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది నిఫా వైరస్. దానికి ఆశ్రయం పెద్ద గబ్బిలాలు. కేరళలో 2018లో కోజికోడ్‌లోనూ ఆ తర్వాత పలుమార్లూ బయటపడింది. బంగ్లాదేశ్‌లో ఎక్కువగా ఈత నీరా పచ్చిగా తాగినవాళ్లకు సోకింది, గబ్బిలాలు గీత దగ్గర నాకి కుండలో మూత్రం పోస్తాయి. కాబట్టి కొరికిన జామపండు పిల్లలకు కోసి పెట్టొద్దు, కొరికినంత మేర తీసేసి మిగతాది తినడం కూడా వద్దు. ముంతకు గుడ్డ కట్టని నీరా తాగొద్దు.

ప్రశ్న: చిన్నప్పుడు కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు వేశారు. ఇప్పుడు సియాటెల్‌లో గబ్బిలం కరిచింది. పాత సూదులు పనికొస్తాయా?
– రెడ్మండ్, వాషింగ్టన్

జవాబు: పనికిరావు. అవి గొర్రె మెదడు నుంచి చేసిన పాత టీకా, మన దేశంలో 2004 చివరికి దాని తయారీ ఆపేశారు. మిమ్మల్ని టీకా పడని మనిషిగానే చూస్తారు: ఇమ్యునోగ్లోబ్యులిన్, నాలుగు మోతాదులు. తర్వాతి కాలంలో భుజానికి వేసిన కొత్త టీకా పూర్తి కోర్సు ఉండి, కాగితం చూపగలిగితే 0, 3 రోజుల్లో రెండు సూదులు చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు. హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లోనో పీహెచ్‌సీలోనో వేయించుకున్న కార్డు ఇంట్లో ఎక్కడో ఉంటే వెతికించి తెప్పించుకోండి.

ప్రశ్న: మా కుక్క పెరట్లో చచ్చిన గబ్బిలాన్ని నోట కరుచుకుంది.
– శాన్ హోసే

జవాబు: వట్టి చేత్తో లాగొద్దు, కుక్క వదిలాక గ్లవ్స్‌తో తీసి పరీక్షకు పంపండి. కుక్కకు టీకా తేదీ దాటకపోతే వెంటనే బూస్టర్ వేయించి కొన్ని వారాలు ఇంట్లో గమనించమంటారు. అసలు టీకా పడనిదైతే అప్పుడే టీకా వేసి కొన్ని నెలలు విడిగా ఉంచమంటారు, లేదా చంపేయమని సలహా ఇస్తారు. సర్టిఫికెట్ చూపలేకపోతే చాలాచోట్ల టీకా పడనట్టే లెక్క, దాని ఫోటో ఫోన్లో ఉంచుకోండి.